పందిరి మాది.. నీడ పక్కింటిది!

పోయినేడాది జూన్‌లో మా డాబా మీద చిక్కుడు పందిరి వేశాను. రీల్స్ చూసి ఊపొచ్చింది లెండి! ఏడడుగుల ఎత్తున ఇనప పైపులు, పైన తీగ పాకడానికి వల. ఉత్తరం పిట్టగోడ దగ్గర కుళాయి ఉందని అక్కడే నిలబెట్టా.

మాది విజయవాడ. ఆ పిట్టగోడ అవతల మూడడుగుల సందు. సందు దాటితే మామ్మగారి పై వాటా, దాని ముందు కాస్త ఖాళీ జాగా. మా డాబా, ఆ జాగా ఒకే ఎత్తు. పక్కవాళ్లకి ఇబ్బంది కాకూడదని ఆ రోజే చూసుకున్నా కూడా. మిట్టమధ్యాహ్నం నీడ వాళ్ల వైపు కాదు, మా వైపే పడింది. ఇంకేం, పక్కా అనుకున్నా. వాళ్లని ఒక్కమాట అడగాలని మాత్రం తోచలేదు.

డిసెంబరు వచ్చేసరికి పందిరి నిండా కాయలే. కానీ మామ్మగారి ప్లాస్టిక్ కుర్చీ కనిపించడం మానేసింది. మోకాళ్ల నొప్పులకి చలికాలం పొద్దున్నే ఆవిడ అక్కడ ఎండలో కూర్చోవడం నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నా. ఒంట్లో బాగోలేదేమో అని అమ్మని అడిగా.

"బాగానే ఉన్నారు. పైన ఎండ రావట్లేదని కింద గేటు దగ్గర కూర్చుంటున్నారట."

అంటే, ఆ మోకాళ్లతో రోజూ మెట్లు దిగి ఎక్కుతున్నారన్నమాట. నా పందిరి వల్ల!

పైకెళ్లి చూస్తే అప్పుడర్థమైంది. జూన్‌లో మనకి మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరంగా ఉంటాడు. నీడ దక్షిణానికి, అదీ అడుగులోపే. డిసెంబరులో దక్షిణానికి బాగా వాలిపోతాడు. అదే ఏడడుగుల పందిరికి మధ్యాహ్నం కూడా ఉత్తరం వైపు దాదాపు ఆరడుగుల నీడ. పొద్దున పూట ఇంకా పొడుగు. చిత్రమేంటంటే, మన నాటు చిక్కుడు పూతకొచ్చేదీ పగటి పొద్దు తగ్గినప్పుడే. పందిరి చిక్కబడేది, పక్కింటికి ఎండ కావాల్సింది ఒకే నెలల్లో!

సాయంత్రం వాళ్లింటికి వెళ్లా. "ఒక్కమాట చెప్పొచ్చుగా మామ్మగారూ?"

"ఏం చెప్పను బాబూ, కాపు మీదున్న పాదు. పీకమని నోరెలా వస్తుంది? సంక్రాంతి దాటితే ఎండ మళ్లీ ఇటు తిరుగుతుందిలే" అన్నారు.

ఏ యాప్ లేకుండానే ఆవిడకి లెక్కంతా తెలుసు. జూన్‌లోనే అడిగుంటే నాకూ చెప్పేవారు. మర్నాడు పాదు కోసేసి, పందిరి విప్పేశా. సగం కాపు పోయింది. అమ్మ రెండ్రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మీరూ డాబా మీద పందిరి వేద్దామనుకుంటున్నారా? నా తప్పు మీరు చేయకండి.

ముందు అడగండి: పైపులు కొనకముందే పక్కింటికి వెళ్లి, ఎక్కడ వేస్తున్నారో చూపించండి. వాళ్లు ఎండలో ఎక్కడ కూర్చుంటారు, బట్టలు, వడియాలు ఎక్కడ ఆరేస్తారో కనుక్కోండి. అపార్ట్‌మెంట్ అయితే టెర్రస్ అందరిదీ. అసోసియేషన్ ఒప్పుకోలు రాయించుకున్నాకే పని మొదలుపెట్టండి.

డిసెంబరు నీడ చూడండి: ఏ నెలలో సూర్యుడు ఎక్కడుంటాడో ఫోన్‌లోనే చూపించే ఉచిత యాప్‌లున్నాయి. ఉత్తరాన ఇల్లుంటే పందిరిని ఆ గోడకి దూరంగా జరపండి.

శ్లాబుకి డ్రిల్ వద్దు: ఆ చిల్లుల్లోంచి నీళ్లు దిగి కింది కప్పు కారుతుంది. 20 లీటర్ల పాత పెయింట్ బకెట్లలో పైపులు నిలబెట్టి కాంక్రీటు పోయండి. ఆరాక ఒక్కోటి 48 కిలోల దాకా తూగుతుంది. గోడలు, దూలాలు ఉన్న చోట పైన పెడితే మంచిది. రేపు జరపాల్సి వచ్చినా సులువు.

గాలి, నీళ్లు మరవద్దు: షేడ్ నెట్ కడితే వేసవి ఈదురుగాలికి తెరచాపలా ఉబ్బుతుంది. గాలివాన సూచన ఉంటే విప్పేయండి. కుండీల కింద పళ్లేలు పెడితే మట్టినీళ్లు పక్కవాళ్ల గోడ మీదకి కారవు.

ఈ ఏడు నా పందిరి దక్షిణం వైపు, రోడ్డు పక్కకి మారింది. విత్తనాలు మామ్మగారిచ్చినవే. ఆవిడ కుర్చీ మళ్లీ పైకొచ్చింది. పొద్దున్నే చేటెడు కాయలు పిట్టగోడ మీదుగా అందిస్తే, ఎండలో కూర్చుని ఈనెలు తీస్తూ "ముదరనిచ్చావురా, నిన్ననే కోయాల్సింది" అని నన్ను తిడుతున్నారు!