ఎగిరే దీవి నీడలో: 'గలివర్ యాత్రలు' చెప్పే వలస పాలన కథ



అంగారక గ్రహానికి రెండు ఉపగ్రహాలున్నాయని మీకు తెలుసు. 1877లో అసఫ్ హాల్ అనే అమెరికా ఖగోళ శాస్త్రవేత్త వాటిని దూరదర్శినితో కనుగొన్నాడు. విచిత్రమేమిటంటే, అంతకు 151 సంవత్సరాల ముందే, 1726లో వెలువడిన 'గలివర్ యాత్రలు' అనే ఆంగ్ల గ్రంథంలో అంగారకుడికి రెండు ఉపగ్రహాలున్నట్టు రాసి ఉంది. రచయిత జొనాథన్ స్విఫ్ట్ వాటికిచ్చిన దూరాలు, పరిభ్రమణ కాలాలు కెప్లర్ మూడో నియమానికి చక్కగా సరిపోతాయి. అది పరిశీలన కాదు, ఊహే. అయినా లెక్క తప్పని ఊహ.

చాలా ఏళ్లు భౌతికశాస్త్రం తరగతిలో ఈ సంగతిని ఒక వింతగా చెప్పి ముందుకు సాగిపోయేవాణ్ణి. ఆ ఉపగ్రహాలను చూసినట్టు చెప్పుకునేవారు లపూటా అనే ఎగిరే దీవిలో ఉంటారని కూడా చెప్పేవాణ్ణి. ఒకసారి ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, ఆ దీవి పైన ఆగితే కింద పొలాలకు ఎండ ఎలా తగులుతుంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్లి ఆ అధ్యాయాన్ని మళ్లీ చదివాను. ఆ ప్రశ్నే అధ్యాయానికి అసలు విషయమని అప్పుడు తెలిసింది. ఈ పాఠంలో ఆ ప్రశ్ననే అనుసరిద్దాం.

కథ పుట్టిన కాలం

17, 18 శతాబ్దాలలో బ్రిటన్ నౌకలు అన్ని సముద్రాలలోనూ తిరుగుతున్నాయి. వాటి వెంట కథలూ తిరిగాయి. 1688లో ఆఫ్రా బెన్ అనే రచయిత్రి 'ఒరునోకో'లో బానిసగా అమ్ముడుపోయిన ఒక ఆఫ్రికా రాకుమారుడి కథను సురినామ్ వలస ప్రాంతం నేపథ్యంలో చెప్పింది. 1719లో డేనియల్ డీఫో 'రాబిన్సన్ క్రూసో' రాశాడు. బానిసలను తీసుకురావడానికి ఆఫ్రికాకు బయలుదేరిన క్రూసో ఓడ పగిలి ఒక దీవికి చేరతాడు. తానే ఆ దీవికి రాజునని తలుస్తాడు. తాను కాపాడిన మనిషికి 'శుక్రవారం' అని పేరు పెడతాడు గాని, అతని సొంత పేరు అడగడు.

ఈ రచనలలో వలస అధికారం మనుషుల మధ్య సంబంధంగా కనిపిస్తుంది. స్విఫ్ట్ మరో పని చేశాడు. వలస అధికారాన్ని ఒక యంత్రంగా గీసి, దాని భాగాలను విప్పి చూపించాడు.

రాతి మీద తేలే రాజ్యం

లపూటా గుండ్రని దీవి. వ్యాసం 7,837 గజాలు, అంటే సుమారు 7 కిలోమీటర్లు. మందం 300 గజాలు. అడుగున వజ్రంలాంటి గట్టి శిలాఫలకం. దీవి నడుమ ఉన్న గుహలో ఆరు గజాల పొడవైన సూదంటురాయి ఒకటి ఇరుసు మీద నిలిచి ఉంటుంది. బలహీనుడైనా దాన్ని తేలికగా తిప్పగలడు. ఆ రాయికి ఒక కొనలో కింది నేలను ఆకర్షించే శక్తి, రెండో కొనలో వికర్షించే శక్తి ఉంటాయి. ఆకర్షించే కొనను కిందికి తిప్పితే దీవి దిగుతుంది. వికర్షించే కొనను తిప్పితే పైకి లేస్తుంది. రాయిని అడ్డంగా ఉంచితే కదలకుండా నిలుస్తుంది. ఏటవాలుగా పెడితే పక్కకు సాగుతుంది.

ఆ రాయిని తిప్పేది ఖగోళ శాస్త్రవేత్తలు. ఎటు తిప్పాలో చెప్పేది రాజు. ఈ రెండు వాక్యాలను గుర్తుంచుకోండి.

నిజంగా ఇలాంటి దీవి ఎగరగలదా? ఎగరలేదు. భూమి ఒక పెద్ద అయస్కాంతమని 1600లోనే విలియం గిల్బర్ట్ వివరించాడు. కానీ ఆరు గజాల రాయి రెండు కొనల దగ్గరా భూమి అయస్కాంత క్షేత్రం దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక ధ్రువం మీద పనిచేసే లాగుడు, రెండో ధ్రువం మీద పనిచేసే తోపుడు దాదాపు సమానం. కాబట్టి రాయి తిరుగుతుంది గాని పైకి లేవదు. దిక్సూచి ముల్లు ఉత్తరానికి తిరుగుతుందే గాని ఉత్తరానికి ప్రయాణించదు కదా!

స్విఫ్ట్ కల్పనలో మరో షరతు ఉంది. ఆ రాయి మీద ప్రభావం చూపే ఖనిజం ఆ రాజు ఏలే నేలలోనూ, తీరం నుంచి దాదాపు 30 కిలోమీటర్ల వరకు సముద్రంలోనూ మాత్రమే ఉంది. ఎత్తులోనూ నాలుగు మైళ్లకు మించి దాని ప్రభావం లేదు. అందుచేత దీవి తన రాజ్యం దాటి పోలేదు. పైనున్నవాడికి కిందనున్న నేలే ఆధారమన్నమాట. ఇది భౌతికశాస్త్రం కాదు, రాజనీతి.

పైనుంచి శిక్షలు

కింద ఉన్న దేశం పేరు బాల్నిబార్బీ. అక్కడి ఏదైనా పట్టణం తిరగబడినా, పన్ను కట్టకపోయినా రాజు మూడు పద్ధతులు వాడతాడు. మొదటిది, దీవిని ఆ పట్టణం మీద నిలిపి ఎండ, వాన తగలకుండా చేయడం. కరువు, రోగాలు తమంతట తామే వస్తాయి. మా విద్యార్థిని అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు. కింద పొలాలకు ఎండ తగలకపోవడం పొరపాటు కాదు, పాలనా విధానం. రెండోది, పైనుంచి పెద్ద రాళ్లు దొర్లించడం. ప్రజలు నేలమాళిగలలో దాక్కోవలసిందే. మూడోది, దీవిని నేరుగా పట్టణం మీదకు దించి ఇళ్లను, మనుషులను నలిపివేయడం.

మూడో పద్ధతిని రాజు సాధారణంగా వాడడు. దయ వల్ల కాదు. మంత్రుల ఆస్తులు కింద ఉన్నాయి. పైగా ఎత్తైన రాళ్లు, గోపురాలు తగిలితే దీవి అడుగు పగిలిపోవచ్చు. బలప్రయోగానికి హద్దు గీసేది అడుగు పగులుతుందన్న భయమూ, మంత్రుల లాభనష్టాలూ!

ఆ కింద దేశం ఏది?

స్విఫ్ట్ 1667లో ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో పుట్టాడు. 1713 నుంచి 1745లో చనిపోయేవరకు అక్కడి సెయింట్ పాట్రిక్ చర్చికి అధిపతి. ఆ కాలంలో ఐర్లండ్‌కు పేరుకు సొంత పార్లమెంటు ఉండేది. కానీ ఐర్లండ్ ఉన్ని బట్టలు విదేశాలకు ఎగుమతి కారాదని 1699లో ఇంగ్లండ్ పార్లమెంటు చట్టం చేసింది. ఐర్లండ్ కోసం చట్టాలు చేసే హక్కు తనదేనని 1720లో బ్రిటిష్ పార్లమెంటు ప్రకటించుకుంది. భూస్వాములలో చాలామంది ఇంగ్లండ్‌లో ఉంటూ కౌళ్లు మాత్రం ఐర్లండ్ నుంచి తెప్పించుకునేవారు.

ఇలాంటి సమయంలో 1722లో విలియం వుడ్ అనే ఇంగ్లండ్ వ్యాపారికి ఐర్లండ్ కోసం 1,00,800 పౌండ్ల విలువగల రాగి నాణేలు తయారుచేసే హక్కు లభించింది. ఐర్లండ్ పార్లమెంటును ఎవరూ అడగలేదు. ఇంగ్లండ్‌లో ఒక పౌను రాగి నుంచి 23 పెన్నీల విలువైన నాణేలు చేస్తే, వుడ్ 30 పెన్నీల విలువైనవి చేయవచ్చు. అంటే ఐర్లండ్ నాణెంలో రాగి తక్కువ.

అలజడి రేగింది. నాణేలను పరీక్షించే పని లండన్ టంకశాల అధిపతికి అప్పగించారు. ఆయన ఎవరో కాదు, సర్ ఐజాక్ న్యూటన్! నాణేలు ఒప్పందం ప్రకారమే ఉన్నాయని 1724లో న్యూటన్ నివేదిక వచ్చింది. అదే ఏడాది స్విఫ్ట్ ఒక బట్టల వ్యాపారి మారుపేరుతో ఉత్తరాలు ప్రచురించి జవాబు చెప్పాడు. మచ్చుకు ఒక మంచి గొర్రెను చూపించి మంద మొత్తాన్ని అంటగట్టడం లాంటిదే ఈ పరీక్ష అని అందులో వాదించాడు. నాలుగో ఉత్తరంలో మరింత లోతుకు వెళ్లాడు. పాలితుల సమ్మతి లేని పాలన బానిసత్వమేనని అన్నాడు.

విద్యార్థులారా, ఇక్కడ కాస్త ఆగుదాం. న్యూటన్ తూకంలో తప్పు చేశాడని చెప్పడానికి ఆధారం లేదు. తన ముందుకు వచ్చిన నాణేలను ఆయన సరిగానే పరీక్షించి ఉండవచ్చు. కానీ ప్రజల ప్రశ్న "రాగి ఎంత?" అన్నదొక్కటే కాదు. "మమ్మల్ని అడిగారా?" అన్నది కూడా. మొదటి ప్రశ్నకు త్రాసు జవాబు చెప్పగలదు. రెండో ప్రశ్నకు చెప్పలేదు. మొదటి జవాబును చూపించి రెండో ప్రశ్నను మూసివేసినప్పుడు శాస్త్రం అధికారానికి పనిముట్టవుతుంది. రాయిని శాస్త్రవేత్తలు తిప్పుతారు, ఎటు తిప్పాలో రాజు చెబుతాడు అన్న మాటకు అర్థం ఇదే.

నాలుగో ఉత్తరం రాసినవారిని పట్టిస్తే 300 పౌండ్లు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. రాసిందెవరో డబ్లిన్‌లో చాలామందికి తెలుసు. ఒక్కరూ చెప్పలేదు. 1725లో వుడ్‌కు ఇచ్చిన హక్కును రద్దు చేశారు.

నాలుగు బురుజులు

ఈ గొడవ నడుస్తున్న రోజులలోనే స్విఫ్ట్ లపూటా భాగాన్ని రాస్తున్నాడు. అందులో లిన్‌డలినో అనే నగరం తిరుగుబాటు కథ ఉంది. ఆ పేరులో 'లిన్' రెండుసార్లు వస్తుంది. రెండింతలు అంటే ఆంగ్లంలో డబుల్. డబుల్ లిన్, అంటే డబ్లిన్!

ఆ నగర ప్రజలు తలుపులు మూసి, గవర్నరును బంధించి, నాలుగు మూలలా నాలుగు ఎత్తైన బురుజులు కడతారు. ప్రతి బురుజు కొనపైనా, నగరం మధ్యనున్న కొండరాయి కొనపైనా ఒక్కో సూదంటురాయి పెడతారు. మండే పదార్థాలు పోగుచేస్తారు. దీవి వచ్చి ఎండ, వాన ఆపుతుంది. వారి దగ్గర ధాన్యం ఉంది, ఊరి మధ్య నది ఉంది. పైనుంచి రాళ్లు విసిరినా లొంగరు. చివరికి దీవిని దించబోతే బురుజులపై ఉన్న రాళ్లు దాన్ని బలంగా కిందికి లాగుతాయి. ఇంకొంచెం దిగితే మళ్లీ లేవలేమని పైవారికి అర్థమవుతుంది. రాజు నగరం కోరిన షరతులకు ఒప్పుకుంటాడు.

ఏ శక్తితో దీవి ఎగురుతోందో ఆ శక్తిని కిందివారు నేర్చుకున్నారు. గెలుపు రహస్యం అదే.

ఈ ఘట్టం 1726 లండన్ ముద్రణలో లేదు. 1735 డబ్లిన్ ముద్రణలోనూ లేదు. స్విఫ్ట్ మిత్రుడొకరి ప్రతిలో చేతిరాతలో మిగిలి, 1899లో గాని అచ్చుకు నోచుకోలేదు. ఎగిరే దీవిని పిల్లల కథగా చదివిన ప్రపంచం, దాన్ని ఓడించిన నగరాన్ని 173 ఏళ్లు చదవలేకపోయింది.

స్విఫ్ట్ చూపు, దాని హద్దు

గ్రంథం చివరి అధ్యాయంలో, తాను చూసిన దేశాలను బ్రిటిష్ రాజు పేర ఎందుకు ఆక్రమించలేదో గలివర్ చెబుతాడు. సముద్రపు దొంగలు ఒక తీరాన దిగుతారు. ఆదరించినవారినే చంపుతారు. కొయ్యో రాయో పాతి నేల తమ రాజుదంటారు. నాగరికత నేర్పుతామంటూ రక్తం పారిస్తారు. వలస రాజ్యాలు ఇలా పుడతాయని వర్ణించి, బ్రిటిష్ వారు మాత్రం ఇలాంటివారు కారని పొగుడుతాడు. ఆ పొగడ్తలోని వెటకారం చదివేవారికి తెలుస్తూనే ఉంటుంది.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. స్విఫ్ట్ ఐర్లండ్‌లో స్థిరపడిన ఆంగ్ల ప్రొటెస్టెంటు వర్గానికి చెందినవాడు. దేశంలో అధిక సంఖ్యాకులైన కాథలిక్కులకు అప్పటి చట్టాలు భూమి, పదవుల విషయంలో తీవ్ర ఆంక్షలు విధించాయి. ఆయన కోరిన హక్కులలో వారికి సమాన భాగం లేదు. పైనున్న దీవిని అంత స్పష్టంగా చూసిన మనిషికి, తన కాళ్ల కింద పడుతున్న నీడ పూర్తిగా కనిపించలేదు. రచయితను గౌరవిస్తూనే ఈ మాట చెప్పుకోవచ్చు.

మనకు సంబంధం ఏమిటి?

ఐర్లండ్ ఉన్ని మీద ఆంక్ష పెట్టిన కాలంలోనే మన నూలు బట్టల మీదా ఆంక్షలు వచ్చాయి. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలకు ఇంగ్లండ్‌లో గిరాకీ పెరిగింది. అక్కడి నేతగాళ్లు ఆందోళన చేయగా 1700లో, మళ్లీ 1721లో బ్రిటన్ నిషేధ చట్టాలు చేసింది. స్వదేశీ వస్తువులనే వాడండని స్విఫ్ట్ 1720లో ఐర్లండ్ ప్రజలకు కరపత్రం రాశాడు. 1905లో మన దేశంలో స్వదేశీ ఉద్యమం అదే మాట చెప్పింది.

సైన్సు విద్యార్థులకు చివరిగా ఒక మాట. రేపు మీలో కొందరు ఆనకట్టలు కడతారు, ఉపగ్రహాలు నడుపుతారు, గణాంకాలు తయారుచేస్తారు. ఆ గుహలోని రాయి మీ చేతికి అందుతుంది. అది తేలికగానే తిరుగుతుంది. తిప్పేముందు, ఎవరి పొలం మీద నీడ పడుతుందో ఒకసారి కిందికి చూడండి.

ఆలోచించండి

1. లపూటా దీవి తన రాజ్యం దాటి ఎందుకు పోలేదు? ఈ షరతులో దాగిన రాజకీయార్థం ఏమిటి?
2. న్యూటన్ పరీక్ష సరైనదైనా ఐర్లండ్ ప్రజల అభ్యంతరం న్యాయమైనదే కావచ్చా? కారణాలు రాయండి.
3. 'రాబిన్సన్ క్రూసో', 'గలివర్ యాత్రలు' వలస అధికారాన్ని చూపిన తీరులను పోల్చండి.