రాతి గొడ్డళ్లు తయారైన కొండ

గౌరీపట్నం, పంగిడి వైపు వెళ్లిన పిల్లలకు క్వారీలు, క్రషర్లు కొత్త కాదు. మన రోడ్లకు, స్లాబులకు వాడే నల్ల కంకర అక్కడి నుంచే వస్తుంది. సుమారు 6.5 కోట్ల ఏళ్ల కిందటి లావా గడ్డకట్టి ఏర్పడిన బసాల్ట్ రాయి అది. మరి ఇనుము కూడా లేని కాలంలో మనుషులు క్వారీ నడిపారని మీ పిల్లలకు తెలుసా?

ఎక్కడ?

బళ్లారి పక్కనున్న సంగనకల్లు, కుప్గల్ కొండల్లో. 1953 దాకా ఈ ప్రాంతం మనతో పాటు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. అక్కడ గ్రానైట్ కొండను చీల్చుకుంటూ నల్లటి డోలరైట్ రాయి గోడలా సాగుతుంది. ఇది మన బసాల్ట్‌కు దగ్గరి చుట్టం. భూమి లోపలి పగుళ్లలో కాస్త నెమ్మదిగా చల్లారింది, అంతే తేడా. చాలా గట్టిది, నూరితే పదును నిలుస్తుంది.

ఎలా చేసేవారు?

ముందు పెద్ద ముక్క ఊడదీయాలి. రాతి సుత్తితో పెచ్చులు లేపుతూ గొడ్డలి ఆకారం తేవాలి. పొడిచి పొడిచి ఎగుడుదిగుళ్లు తగ్గించాలి. చివరగా బండ మీద నూరాలి. అలా నూరగా పడిన గాళ్లు గ్రానైట్ బండల మీద నేటికీ కనిపిస్తాయి.

పెచ్చులే సాక్ష్యం

తయారైన గొడ్డలి ఊళ్లు దాటిపోతుంది. పెచ్చులు మాత్రం పడిన చోటే ఉంటాయి. రవి కొరిశెట్టర్, నికోల్ బోయివిన్ బృందం ఇక్కడి హిరేగుడ్డపై జరిపిన తవ్వకాల్లో గొడ్డళ్ల కార్ఖానా ఆనవాళ్లు బయటపడ్డాయి. దాదాపు 3,400 ఏళ్ల కిందట అక్కడ పని ముమ్మరంగా సాగింది. ఏ పెచ్చు ఎక్కడ పడిందో చూసి, ఏ పని ఎక్కడ చేశారో చెప్పగలిగారు.

అదే కొండలను ఇప్పటి గ్రానైట్ క్వారీలు తొలిచేశాయి. కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల దాకా తవ్వకాలపై నిషేధం ఉంది. ఆ జాబితాకెక్కని కొండకు ఆ కాపుదల లేదు. పెచ్చులను ఒకసారి లోడర్ కదిపేస్తే, వాటిని తెచ్చి మ్యూజియంలో పెట్టినా ఆ కథ తిరిగి రాదు. అందుకే పేల్చడానికి ముందే పురావస్తు సర్వే జరగాలి.

ఇంట్లో పిల్లలతో

ఒక గోదావరి గులకరాయి, ఒక కంకర రాయి పక్కపక్కన పెట్టండి. ఏది నీటిలో అరిగింది, ఏది దెబ్బకు పగిలింది? ఎలా గుర్తుపట్టారో పిల్లలనే చెప్పమనండి. ఎక్కడైనా చెక్కినట్టున్న రాయి కనిపిస్తే తీయకుండా, ఉన్నచోటే ఫోటో తీసి టీచర్‌కు చూపించమనండి.