ఒక చేత కలం, ఒక చేత కెమెరా

పసలపూడి నుంచి మద్రాసు వెళ్లినా ఊరిని విడిచిపెట్టని దర్శకుడు వంశీ

గోదావరి సీమలో మండపేట నుంచి రాయవరం వెళ్లినా, రామచంద్రపురం వెళ్లినా కాలువలు, కొబ్బరిచెట్లు, వరిచేలు కనిపిస్తూనే ఉంటాయి. ఇటువైపు ఎన్నడూ రాని తెలుగువాళ్లకి కూడా ఈ ఊళ్ల యాస, తిండి, మనుషుల వరస పరిచయమే. అందులో పెద్ద వాటా రాయవరం మండలం పసలపూడిలో పెరిగిన నల్లమిల్లి భామిరెడ్డిది. మనందరికీ ఆయన వంశీ.

మద్రాసులో కె.విశ్వనాథ్ దగ్గర 'శంకరాభరణం'కీ, ఆపైన భారతీరాజా దగ్గరా పనిచేశారు. 1982లో చిరంజీవితో తీసిన 'మంచు పల్లకీ' తమిళ సినిమాకు రీమేక్. తన సొంత గొంతు వినిపించింది మాత్రం 1984లో, 'సితార'తో.

మహల్లో కోకిల

'సితార'కు మూలం ఆయన రాసిన 'మహల్లో కోకిల' నవలే. నిర్మించింది కొత్తపేటకు చెందిన ఏడిద నాగేశ్వరరావు. నాయిక రంగంపేట అమ్మాయి భానుప్రియ. ఆస్తి కరిగిపోయినా పరువు పట్టింపు వదలని జమీందారీ ఇల్లు. లోపల బందీగా ఓ ఆడపిల్ల. ఆ ఇంటి ముందుకి పగటివేషగాళ్లు వస్తారు. తలుపులు దాటి బయటికి రాలేని పిల్ల దగ్గరికి లోకమే వేషం కట్టుకుని వచ్చిందన్నమాట! ఉత్తమ తెలుగు చిత్రంగా, అనిల్ మల్నాడ్ కూర్పుకీ, ఎస్.జానకి గానానికీ ఆ సినిమాకు మూడు జాతీయ పురస్కారాలు దక్కాయి.

మరుసటి ఏడు 'అన్వేషణ'తో అడవిలోకి వెళ్లి భయపెట్టారు. ఇళయరాజా బాణీ దొరికితే చాలు, ఒక్కో దరువుకి ఒక్కో చిన్న షాట్ కోసి పేర్చేవారు. పాదం, కన్ను, ఎదురెండలో జుట్టు, ఎగిరే నీటి తుంపర. కళ్లు మూసుకుని విన్న పాట వేరు, వంశీ తీశాక చూసిన పాట వేరు.

వృత్తిలోంచి పుట్టిన నవ్వు

1986లో 'లేడీస్ టైలర్', ఆ మరుసటి ఏడు 'శ్రీ కనకమహాలక్ష్మి రికార్డింగ్ డ్యాన్స్ ట్రూప్', 1991లో 'ఏప్రిల్ 1 విడుదల'. పని ఎగ్గొట్టే దర్జీ సుందరం, తీర్థాల్లో ఆడే ట్రూపు, నెల రోజులు నిజమే చెప్పాల్సొచ్చిన దివాకరం. వీళ్ల నవ్వు వీళ్ల బతుకుతెరువులోంచే వచ్చింది. మొదటి రెండు సినిమాల్లో తనికెళ్ల భరణి మాట ఆ మనుషుల నోట అచ్చంగా ఒదిగింది.

తర్వాత సినిమాలు పలచబడ్డాయి. 2002లో 'ఔను... వాళ్లిద్దరూ ఇష్టపడ్డారు!' మళ్లీ గెలిపించింది. అప్పటికీ ఇప్పటికీ ఆయన్ని నిలబెట్టింది కలమే. 'స్వాతి' పత్రికలో బాపు బొమ్మలతో వచ్చిన 'మా పసలపూడి కథలు' పేరుపేరునా మనుషుల్నీ, వంటల్నీ, వీధుల్నీ దాచిపెట్టాయి. ఆ కథలు చదివి సినిమాలు చూస్తే, రెండూ ఒకే ఊరిని రాసిన రెండు పుస్తకాలని తెలుస్తుంది. అందుకే హిట్లు, ఫ్లాపులు లెక్కేసి వంశీని తూచడం నాకు నచ్చదు.

ఇవాళ గోదావరి కథ అనగానే డ్రోన్ పైకి లేస్తోంది. నది అందంగానే కనిపిస్తోంది, ఒడ్డున బతికే మనిషే కనిపించడం లేదు. ఈ గడ్డ మీద కెమెరా పెట్టాలనుకునే కుర్రాళ్లు ముందు దర్జీ కొట్టు దగ్గర కూర్చోవాలి, తీర్థంలో తిరగాలి, విన్నది రాసుకోవాలి. షూటింగ్ ఆ తర్వాత. వంశీ కెరీర్ నేర్పే పాఠం అదే.