మలుపులో తేలుతుంది బండి సంగతి!

పాత స్పోర్ట్స్‌కారు గొప్పదా, కొత్తది గొప్పదా? ప్రపంచమంతటా కార్ల ప్రియులు తెగని ఈ తగువులో మునిగి ఉంటే, దానికి జవాబు చెప్పగల రోడ్డు మన భద్రాచలం అడవిలోనే ఉంది!

ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. కొత్తగూడెం దాకా ఊళ్లు, పత్తిచేలు, మిరపతోటలు... మధ్యమధ్యలో బొగ్గు లారీలు. పాల్వంచ దాటాక రోడ్డుకి రెండువైపులా చెట్లు దగ్గరవుతాయి. సారపాక పేపరుమిల్లుకి జామాయిల్ దుంగలు మోసుకెళ్లే లారీల వెనక కాసేపు ఓపిక పట్టి గోదావరి వంతెన ఎక్కితే, రామయ్య ఊరొచ్చినట్టే. చాలామంది దర్శనం చేసుకుని అక్కడి నుంచే వెనక్కి తిరుగుతారు. అలా కాకుండా చింతూరు మీదుగా మారేడుమిల్లి వైపు వెళ్లారా... అసలైన రోడ్డు అక్కడ మొదలవుతుంది. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన మండలాల్లో చింతూరు ఒకటి. అది దాటాక కొండ, అడవి, ఇరుకు దారి, ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి వచ్చే మలుపులు. 'పుష్ప' సినిమా తీసిన అడవి కూడా ఆ చుట్టుపక్కలదే. షోరూములో ఎంతసేపు తిప్పి చూసినా తెలియని కారు గుణం ఆ ఘాట్‌లో నాలుగో మలుపుకే బయటపడుతుంది.

రేస్‌ట్రాక్ మీదైతే పాతా కొత్తా అన్న తగువే లేదు. కొత్త కారే గెలుస్తుంది. ఇంజిన్, బ్రేకులు, టైర్లు... ఏది చూసినా నలభై ఏళ్ల కిందటి కారు దానికి సాటి రాదు. కానీ రేస్‌ట్రాక్‌లో గేదె అడ్డం రాదుగా! మామూలు రోడ్డుని రేసుకి సిద్ధం చెయ్యాలంటే ఎంత తతంగమో 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ వాళ్లు కళ్లారా చూశారు. హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా-ఈ కార్లు పరిగెత్తిన ట్రాక్ 2.8 కిలోమీటర్లకి కాస్త ఎక్కువ. అంతమాత్రం దారికే అటూఇటూ గోడలు, కంచెలు కట్టి, ఊరి ట్రాఫిక్‌ని మళ్లించాల్సి వచ్చింది. చింతూరు ఘాట్‌లో గోడా ఉండదు, కంచే ఉండదు. మలుపు అవతల ఏముందో మలుపు తిరిగితేగానీ తెలియదు.

చేతికి తెలిసే బండి

మనదేశంలో స్పోర్ట్స్‌కారు కొన్నవాళ్లు తక్కువ. 1998లో గోవాలో తయారైన రెండు సీట్ల 'శాన్ స్టార్మ్' ఎక్కువమంది కంట పడకుండానే కనుమరుగైంది. పేరున్న విదేశీ స్పోర్ట్స్‌కార్లకి నేలకీ కారు అడుగుకీ మధ్య పదకొండు, పన్నెండు సెంటీమీటర్లకు మించి ఉండదు. మన ఊళ్ల స్పీడ్‌బ్రేకర్లకి అది చాలదు, పొట్ట గీసుకుపోతుంది. అందుకే ఈ దారిలో పాత, కొత్త కార్లను పోల్చాలంటే జనం నిజంగా నడిపిన బండ్లనే చూడాలి.

అలాగని స్పోర్ట్స్‌కారు రక్తం మన రోడ్ల మీద బొత్తిగా పారలేదనుకోవద్దు. 1960లలో మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ గుర్తుందా? బ్రిటన్‌లో ఈ హెరాల్డ్ చాసిస్‌నే పొట్టి చేసి 'ట్రయంఫ్ స్పిట్‌ఫైర్' అనే స్పోర్ట్స్‌కారు చేశారు. చిన్న సందులోనైనా గిరుక్కున తిరగడం హెరాల్డ్ ప్రత్యేకత. దాని బలహీనత కూడా మలుపులోనే ఉంది. వెనక ఇరుసు రెండు ముక్కలుగా, మధ్యలో కీలు పెట్టినట్టు ఉండేది. మలుపులోకి వేగంగా వెళ్లి, భయపడి ఠక్కున యాక్సిలరేటర్ వదిలేస్తే వెనకభాగం పైకి లేచి, చక్రం లోపలికి మడుచుకుని, తోక పక్కకి జారేది. 1972లో వచ్చిన గెజెల్ నాటికి ఆ ఇరుసు తీసేసి మామూలు గట్టి ఇరుసు పెట్టారు.

అంబాసిడర్‌ది వేరే తీరు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో మొదలై 2014 దాకా తయారైన ఆ బండికి వెనక కమాను పట్టీలు, తొలిరోజుల్లో నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు, స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు. ముందు సీటు పొడవాటి బల్లలాగా ఉండేది. డ్రైవరు పక్కన ఇద్దరు కూర్చునేవాళ్లు, ఒక్కోసారి ముగ్గురు! మలుపు వస్తే వాళ్లంతా ఒకరిమీదకొకరు ఒరిగేవాళ్లు. బండి కూడా పడవలా ఒరిగేది. టైర్లు కీచుమనేవి. స్టీరింగ్ బరువెక్కేది. వేగం ఎక్కువైందని చెప్పడానికి స్పీడోమీటర్ అక్కర్లేదు, డ్రైవరు మీద పడిన పెద్దాయన భుజమే చెప్పేది.

అడవిదారి అసలు రాజు మాత్రం జీపు. స్వాతంత్య్రం వచ్చిన నాటి నుంచీ మహీంద్రా వాళ్లు బిగిస్తూ వచ్చిన ఆ పాత జీపుకి నాలుగు మూలలా కమాను పట్టీలే. పవర్ స్టీరింగ్ లేదు. కొంచెం వాడాక స్టీరింగ్‌లో 'ప్లే' వచ్చి, చక్రం కదలడానికి ముందు చెయ్యి కొంత ఊరికే తిరిగేది. మలుపులో దాన్ని లొంగదీయాలంటే భుజాలు నొప్పెట్టాలి. గుంతలో పడితే ఆ దెబ్బ స్టీరింగ్ ద్వారా మణికట్టుకి వచ్చేది. ఏ లెక్కన చూసినా అది మంచి హ్యాండ్లింగ్ కాదు. కానీ కింద ఉన్నది కంకరా, ఎర్రమట్టా, తడి తారా అన్నది కళ్లు మూసుకున్నా చేతికి తెలిసేది.

కొత్త కారు దాచే వేగం

ఇప్పుడు అదే మలుపులోకి కొత్త కారుని తీసుకెళ్లండి. పవర్ స్టీరింగ్ వేలితో తిరుగుతుంది. అద్దాలు వేసి ఉంటే టైరు చప్పుడు వినిపించదు. షాకబ్జర్లు గుంతని మింగేస్తాయి. వెడల్పాటి రేడియల్ టైర్లు రోడ్డుని కరచి పట్టుకుంటాయి. అంబాసిడర్‌లో 40 కిలోమీటర్ల వేగానికే గుండె గుబగుబలాడిన చోట ఇందులో 60 దాటినా ఏమీ అనిపించదు. చిక్కంతా ఈ 'ఏమీ అనిపించకపోవడం'తోనే!

విదేశాల్లో పెద్ద స్పోర్ట్స్‌కార్ల మీద వచ్చిన ఫిర్యాదు కూడా ఇదే. పోర్షా కంపెనీ తన పేరుగాంచిన 911 మోడల్‌కి 2011లో ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ పెట్టినప్పుడు, పాత అభిమానులు 'రోడ్డు చేతికి తెలియడం లేదు' అని గొడవ పెట్టారు. గడియారం మాత్రం ఆ కొత్త కారునే మెచ్చుకుంది.

వేగం మనకి కనిపించకపోయినా లెక్కలు మారవు. 25 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో 30 కిలోమీటర్ల వేగం నుంచి 45కి వెళితే వేగం పెరిగింది ఒకటిన్నర రెట్లే. కానీ కారుని బయటికి తోసే బలం రెండింతలు దాటుతుంది. పొడి రోడ్డు మీద మంచి టైరు దాన్ని తట్టుకోవచ్చు. అదే రోడ్డు మీద వాన పడి, పైనుంచి ఎర్రమట్టి కొట్టుకొచ్చి ఉంటే? తట్టుకోవడం కష్టం.

ఆగడం కూడా అంతే. అడ్డుగా ఏదో ఉందని చూసి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. ఆ సెకనులో 40 వేగంతో వెళ్లే కారు 11 మీటర్లు, 80తో వెళ్లేది 22 మీటర్లు పోతుంది. బ్రేకు పడ్డాక మాత్రం 80 వేగానికి పట్టే దూరం రెండింతలు కాదు, నాలుగింతలు. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులతో అన్నీ కలిపితే మొదటి కారు 20 మీటర్లలో ఆగితే రెండోదానికి దాదాపు 60 మీటర్లు కావాలి. చింతూరు ఘాట్‌లో చాలా మలుపుల దగ్గర అంత దూరం కనబడనే కనబడదు. 2019 అక్టోబరులో భద్రాచలం దర్శనం చేసుకుని అన్నవరం బయల్దేరిన కర్ణాటక యాత్రికుల బస్సు ఈ ఘాట్‌లోనే పడిపోయి పలువురు ప్రాణాలు కోల్పోయారు. తెలియని దారి, తెలియని మలుపు. ఇక్కడికొచ్చే కార్లలో చాలావాటి పరిస్థితీ అదే.

తోక జారితే... ముక్కు జారితే...

అంబాసిడర్, ఫియట్, జీపు... వీటన్నిటినీ తోసేది వెనక చక్రాలు. తడి మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే తోక జారుతుంది. 1983లో మారుతి 800 వచ్చాక లాగే పని ముందు చక్రాలకి మారింది. వేగం ఎక్కువైతే ఇందులో జారేది ముక్కు. స్టీరింగ్ తిప్పినా కారు తిరక్కుండా నేరుగా లోయవైపు పోతుంది. రెండూ ప్రమాదమే అయినా, మామూలు డ్రైవరుకి రెండోదే కాస్త నయం. భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే ముందు చక్రాలకి పట్టు తిరిగొస్తుంది. మన రోడ్ల మీద నడపడం చాలామందికి సులువు చేసింది ఆ చిన్న కారే. అన్నట్టు, దాని ఇంజిన్‌తోనే కోయంబత్తూరుకి చెందిన కరివర్ధన్ 1980ల చివర్లో ఒంటి సీటు రేసుకారు తయారుచేశారు. ఆయన పేరు మీదే అక్కడ కరి మోటార్ స్పీడ్‌వే వెలిసింది.

పాత పోర్షా 911ది ఇంకో రకం మొండితనం. ఇంజిన్ వెనక చక్రాలకి కూడా వెనకాలే ఉండేది. మలుపు మధ్యలో కాలు ఎత్తేస్తే ఆ బరువంతా తోకని బయటికి విసిరేది. తెలిసినవాళ్లకి అదో సరదా, తెలియనివాళ్లకి ఆస్పత్రి. ఈ కాలపు 911లో అదే తప్పు చేస్తే కంప్యూటర్ కనిపెట్టి, ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి కారుని దారిలో పెడుతుంది.

దుప్పి పరీక్ష

ఆ కంప్యూటర్ చిన్నకార్లకి ఎలా వచ్చిందన్నది మన అడవిదారికి బాగా సంబంధించిన కథ. స్వీడన్‌లో మూస్ అనే భారీ దుప్పులు ఉన్నట్టుండి రోడ్డెక్కుతాయి. అందుకని అక్కడి ఓ మోటారు పత్రిక కొత్త కార్లకి ఒక పరీక్ష పెట్టేది. వేగంగా వస్తూ ఒక్కసారిగా పక్కకి తప్పించి, మళ్లీ తన వరసలోకి రావాలి. 1997లో మెర్సిడెస్ వారి సరికొత్త ఏ-క్లాస్ ఆ పరీక్షలో బోల్తాపడింది. అంత పెద్ద కంపెనీకీ తల కొట్టేసినట్టయింది. అమ్మకాలు ఆపి, కారుని సరిచేసి, జారకుండా కాపాడే ఈఎస్‌పీ అనే ఏర్పాటుని ఆ మోడల్ కార్లన్నిటికీ పెట్టింది.

మన దగ్గర దుప్పి బదులు గేదె, ఆవు, రాత్రిపూట అడవిపంది. కాబట్టి ఎత్తయిన బండి కొనేవాళ్లకి ఆ పరీక్షే ముఖ్యం. 2020లో వచ్చిన కొత్త థార్ నేలకి 220 మిల్లీమీటర్లకు పైనే ఎత్తులో ఉంటుంది. ఈఎస్‌పీ వచ్చింది, గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో నాలుగు నక్షత్రాలూ వచ్చాయి. పాత జీపుతో పోలిస్తే నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. అయినా ఎత్తు ఎత్తే. హఠాత్తుగా పక్కకి కోస్తే నేలబారు కారు కంటే ఇది ఎక్కువ ఒరుగుతుంది.

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్తగా తయారయ్యే కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. బ్రేకు పూర్తిగా తొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసి, తప్పించుకునేందుకు స్టీరింగ్‌ని మన చేతిలో ఉంచడం దాని పని. కంకర మీద మాత్రం దానివల్ల ఆగే దూరం కాస్త పెరగొచ్చు. ఇక ఈఎస్‌పీ అయినా ఏబీఎస్ అయినా ఉన్న పట్టుని వాడుకోగలవే తప్ప లేని పట్టుని పుట్టించలేవు. అరిగిన టైర్లు వేసుకుని ఘాట్ ఎక్కితే ఎన్ని అక్షరాల పరికరాలున్నా ఒరిగేదేమీ లేదు.

దిగేటప్పుడు జాగ్రత్త!

పాతబండ్ల కాలంలో కొందరికి ఓ అలవాటు ఉండేది. దిగుడు రాగానే గేరు తీసేసి, పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ కూడా ఆపేసేవాళ్లు. అది అప్పుడూ తప్పే. ఇంజిన్ సాయం లేక డ్రమ్ బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేసేవి. అయితే బూస్టర్ లేని ఆ పాత బ్రేకుకీ, పవర్ లేని స్టీరింగ్‌కీ ఇంజిన్ ఆగినా ఆగకపోయినా పెద్ద తేడా ఉండేది కాదు. కొత్త కారులో అలా చేస్తే కథే వేరు! ఇంజిన్ ఆగితే బ్రేకు బూస్టర్‌లో రెండుమూడు తొక్కులకి సరిపడా సాయమే మిగులుతుంది. ఆ తరవాత పెడల్ రాయిలా అయిపోతుంది, స్టీరింగ్ బిరుసెక్కుతుంది. తాళంచెవి బయటికి తీశారా, స్టీరింగ్ లాక్ పడిపోవచ్చు కూడా. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్న లారీ డ్రైవర్ల పాత లెక్క కొత్త కారుకీ పనికొస్తుంది. ఆటోమేటిక్ కారైనా 'ఎల్' అనో, చిన్న అంకెతోనో ఓ గేరు ఉంటుంది, అది అందుకే.

కారు వేగం ఎక్కువైందో లేదో తెలుసుకోవడానికి కంపెనీలు పెట్టని కొలత ఇంకొకటుంది. వెనక సీట్లో పిల్లలు! డ్రైవరుకి హాయిగా ఉన్న వేగంలోనే వాళ్లకి కడుపులో తిప్పుతుంది. 'నాన్నా, వాంతొస్తోంది' అన్నారంటే మలుపుల్లోకి ఎక్కువ వేగంతో వెళుతున్నట్టే. అల్లం మురబ్బా ఇచ్చి ఊరుకోకుండా యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలి.

ఇరుకు ఘాట్‌లో రెండు బండ్లు ఎదురైతే ఎక్కేవాళ్లకి దారి ఇవ్వాలి, దిగేవాళ్లు ఆగాలి. మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉన్న మాట ఇది. అంటే ఒక్కోసారి దిగే కారు వెనక్కి వెళ్లాలి. పాత జీపులో అయితే మెడ తిప్పి, సగం బయటికి వంగి, చేతులు నొప్పెట్టేలా స్టీరింగ్ తిప్పాల్సి వచ్చేది. ఇప్పుడు తెరమీద గీతలు చూపించే కెమెరా ఉంది. వానరోజున ఆ కెమెరాకి ఎర్రమట్టి అంటుకుందంటే మాత్రం, వెనక సీట్లోంచి ఒకరు గొడుగేసుకుని దిగి 'రావచ్చు... రావచ్చు...' అనాల్సిందే!