పాదరసపు బుడ్డి, ఎర్తు గుంట

మా అపార్ట్‌మెంటు సెల్లారులో రెండవ స్తంభమునకు బిగించిన తెల్లని పెట్టెను వాచ్‌మన్ మొదలుకొని సంఘాధ్యక్షుని వరకు అందఱును చార్జరనియే పిలుతురు. ఆ పేరు దానికి చెల్లదు. అసలు చార్జరు కారు బానెట్టు క్రింద ఒదిగియున్నది. గోడమీది పెట్టె దానికి ద్వారపాలకుడు మాత్రమే. ఈ యిద్దఱి పుట్టుపూర్వోత్తరములు తెలియవలెనన్నచో నూఱేండ్లకు పైగా వెనుకకు పోవలెను.

1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్తోన్ ప్లాంతె సీసపు రేకులను గంధకామ్లములో ముంచి, ఎన్నిమాఱులైనను నింపుకొనదగిన తొలి బ్యాటరీని నిర్మించెను. నాటినుండి నేటివరకు బ్యాటరీ స్వభావము మాఱలేదు: ఒకే దిక్కున పాఱు ఏకముఖ విద్యుత్తును తప్ప మఱియొకదానిని అది స్వీకరింపదు. లోకమో, దూరప్రాంతములకు పంపుట సులభమను కారణమున, మన దేశమున సెకనుకు 50 మాఱుల వంతున ముందుకును వెనుకకును ఊగులాడు ఏకాంతర విద్యుత్తును వరించినది. తీగలో వచ్చునది ఒకటి, బండి కోరునది వేఱొకటి. ఈ పొత్తు కుదురక, ఇరువదవ శతాబ్ది ఆరంభమున విద్యుత్కారు గలవారు, ఒక మోటారుచేత జనరేటరును త్రిప్పించి, ఆ రొదను సహించి బ్యాటరీ నింపుకొనవలసి వచ్చెను.

ఆ రొదను మాన్పినది ఒక గాజుబుడ్డి. పాదరసపు ఆవిరితో వెలుగు దీపములను చేయుచుండిన అమెరికా దేశీయుడు పీటర్ కూపర్ హ్యూవిట్, ఆ ఆవిరిలో విద్యుత్తు ఒకవైపునకే నడచుచున్నదని గమనించి, 1902లో దానినే పరివర్తకముగా మలచెను. అడుగున పాదరసపు మడుగు, ప్రక్కల చేతులవలె చాచిన గొట్టములలో కర్బన ధ్రువములు. బుడ్డిని కొంచెము వంచినంతనే పాదరసము ఒరసికొని నిప్పురవ్వ పుట్టి, లోపలి యావిరి నీలివన్నెతో రెపరెపలాడుచు, ఊగులాడు విద్యుత్తులో రెండుదిక్కుల నడకను ఒకే దిక్కునకు మలపును. కదలు భాగమొక్కటియు లేదు. 1912 నాటి ఛాయాచిత్రమొకదానిలో టోపీ ధరించిన యువతి యొకతె ఇట్టి పరికరముతో తన కారును చార్జి చేయుచున్నది. ఇంటిలోనే బండికి మేత పెట్టుట క్రొత్తవింత యనుకొను మనకు ఆ చిత్రము చూచినప్పుడు కొంత గర్వభంగము కలుగును.

అదే 1912లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కారులో చేరి, చేతితో ఇంజను త్రిప్పు బాధను పోగొట్టినది. పెట్రోలు కారు గెలిచెను. బుడ్డి ట్రాముల కొలువునకు పోయెను.

తరువాత సిలికాను వచ్చెను. బుడ్డి చేయు పనిని గోరంత రాతిముక్క చేయసాగెను. ఏకాంతర విద్యుత్తు ఎంత వేగముగా ఊగిన దానికి కావలసిన ట్రాన్స్‌ఫార్మరు అంత చిన్నదగును. కనుక, సెకనుకు 50 ఊపులను వేలకొలది ఊపులుగా మార్చి, తుదకు ఒకే దిక్కునకు మలపు చార్జరు టిఫిను కారియరంత పెట్టెలో ఇమిడి, కారులోపలికే చేరిపోయినది.

ఇక ద్వారపాలకుని సంగతి. ప్లగ్గు పెట్టకముందు పెట్టెలోని సంకేతపు తీగపై 12 వోల్టు లుండును. బండి తగులగానే అవి 9కి దిగును. 'వచ్చితిని' అని దాని యర్థము. అంతట పెట్టె సెకనుకు వెయ్యి తరంగములు పంపుచు, ఒక్కొక్క తరంగపు వెడల్పుచేత తాను ఇన్ని ఆంపియరులకు మించి ఈయజాలనని చెప్పును. బండి సమ్మతించి 6 వోల్టులకు దించినప్పుడే లోపల 'టక్' మను శబ్దముతో విద్యుత్తు విడుదలగును. ప్లగ్గు పెఱికినప్పుడు మొట్టమొదట ఊడునది ఈ సంకేతపు తీగయే. అది ఊడగానే పెట్టె విద్యుత్తును ఆపును, కనుక చేతికి మంటగాని మెఱుపుగాని తగులదు.

ఈ మర్యాద తెలియని మామూలు 15 ఆంపియరుల సాకెట్టుతో నేను కొన్ని నెలలు గడిపితిని. గీజరు అరగంటలో ఆగును. కారు తొమ్మిది గంటలు ఎడతెగక లాగును. ఒకనాటి ఉదయము ప్లగ్గు పెఱికి చూడగా పిన్నులు దోసెపెనమువలె కాలుచుండెను. సాకెట్టు రంధ్రముచుట్టు గోధుమవన్నె వలయ మేర్పడియుండెను. వదులైన సందున పుట్టు వేడి విద్యుత్ప్రవాహపు వర్గముననుసరించి పెరుగునని బడిలో చదివినమాట నాడు వ్రేలికి అర్థమైనది.

బహిరంగ స్థలములలోని బీరువావంటి యంత్రములు నిజముగనే చార్జరులు. పరివర్తన మంతయు తామే ముగించి, కారులోని పెట్టెను దాటి, సరాసరి బ్యాటరీకే వడ్డించును. మన సాధారణపు కార్లు 10 శాతమునుండి 80 శాతమునకు గంటకు అటునిటుగా చేరును, ఆపైన నెమ్మది. పండుగనాటి ఆర్టీసీ బస్సులో మొదట ఎక్కినవారికి సీట్లు, చివర ఎక్కినవారికి త్రోపులాట. బ్యాటరీలోని లిథియమునకును అదే గతి. జపానువారు ఈ సరాసరి వడ్డనలో తమ పద్ధతికి చాడెమో యని పేరిడుటలో, 'టీ ఏమైనా తీసికొందురా' అను తమ వాడుక మాటను కూడ ధ్వనింపజేసిరి. ఇట్టి యంత్రములు నడుపువారికి ఎదురైన, లైసెన్సు లేక విద్యుత్తు అమ్మరాదను చిక్కును మన కేంద్ర విద్యుత్ శాఖ 2018లో తీర్చిన తీరు మఱింత ముచ్చట: బ్యాటరీలో విద్యుత్తు రసాయనశక్తిగా మాఱుచున్నది గనుక ఇది అమ్మకము కాదు, సేవ యని.

మా సెల్లారు పెట్టె బిగించిననాడు ఎఱ్ఱదీపము వెలిగి ఊరకుండెను. నడివేసవి. ఎలక్ట్రీషియను గోడప్రక్క సిమెంటు మూత తీసి, ఉప్పు బొగ్గు పొరలతో నిండిన ఎర్తు గుంటను చూచి నవ్వెను.

"ఎర్తు ఎండిపోయింది సార్. రెండు బకెట్లు నీళ్లు పొయ్యండి."

పై అంతస్తు పెద్దాయన వాకింగుకు పోవుచు ఆగి, "ఏమండీ, నీళ్లతో కూడా నడుస్తుందా మీ కారు?" అనెను.

నేను రెండవ బకెట్టు కుమ్మరించితిని. నీరింకిన కొంతసేపటికి పెట్టెలో 'టక్' మని వినబడెను, దీపము పచ్చబడెను.