చింత, విశ్వాసం, మందుబిళ్ళ



మాధవరం చుట్టుపక్కల పల్లెల్లో మనిషికి చింత ఎందుకు కలుగుతుందో ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. వాన పడితే విత్తనం, పడకపోతే అప్పు. పంట చేతికొస్తే ఆదోని మార్కెట్‌లో పత్తి ధర ఎట్లుంటుందోనని బెంగ. కొడుకూ కోడలూ సుగ్గికని గుంటూరు వైపు పోతే, మనుమళ్ళను పెట్టుకొని ఇంట్లో మిగిలిన అవ్వకు రాత్రి నిద్ర పట్టదు. ఆడపిల్ల పెండ్లి, ఎమ్మిగనూరులో చదివే పిల్లవాని ఫీజు సరేసరి. ఇవన్నీ నిజమైన భారాలే. ఆదివారం ఆరాధనలో కూర్చున్న విశ్వాసికి ఇవి తగ్గుతాయనీ, బయట ఉన్నవారికే ఎక్కువనీ మేము చెప్పము.

మరి మత్తయి సువార్త 6వ అధ్యాయంలో రేపటి గురించి చింతపడవద్దని ప్రభువు ఎవరితో అన్నాడు? ఆయన చుట్టూ ఉన్నవారిలో ఎక్కువమంది గలిలయలోని రైతులు, జాలరులు, రోజు కూలీలు. పన్నులు కట్టలేక, తిండి చాలక అవస్థపడిన జనం. అంటే ఆ మాట కడుపు నిండినవారికి చెప్పిన సుద్దులు కావు. మనవంటి వారికే చెప్పాడు. ఆయన పక్షులను చూపించాడు గదా, ఆ పక్షులు కూడా తెల్లవారకముందే గూడు విడిచి మేతకు పోతాయి. గూట్లో కూర్చున్న పిట్ట నోటికి గింజ వచ్చి పడదు. దేవుడు పోషిస్తాడన్నా అది ఎగరవలసిందే.

ఇంకొక సంగతి కూడా గమనించదగినది. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయంలో చింతపడవద్దని చెప్పిన పౌలే, 2 కొరింథీయులకు 11వ అధ్యాయంలో సంఘాలన్నిటి భారం ప్రతిదినం తన మీద ఉన్నదని అంటాడు. గ్రీకు మూలంలో రెండు చోట్లా వాడినది ఒకే మూలపదం. ప్రేమ ఉన్నచోట మనవారిని గురించిన తలంపు ఉంటుంది, అది పాపం కాదు. ఆ తలంపును దేవుని దగ్గర పెట్టి చేయవలసిన పనికి లేస్తున్నామా, లేక దాన్నే నెమరువేస్తూ మంచం మీదే ఉండిపోతున్నామా అన్నదే ప్రశ్న.

దీనికి మన ఏటి ఒడ్డు సంగతే చూడండి. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. దిగువన కోసిగి, కౌతాళం, మంత్రాలయం, నందవరం మండలాలవారిని అధికారులు అప్రమత్తం చేశారు. 2009 అక్టోబరు వరదలో మంత్రాలయం, కర్నూలు మునిగిన సంగతి మరచినవారు ఇక్కడ ఎవరున్నారు? అటువంటి రాత్రి ఎడ్లను మెరకకు తోలడం, రేషన్ కార్డు, పాసుపుస్తకం, మందుల చీటీ ఒక సంచిలో కట్టుకోవడం జాగ్రత్త. అవన్నీ అయిన తర్వాత కూడా, ఏరు పెరగకపోయినా, వారం రోజులు తెల్లవార్లూ కళ్ళు మూయకుండా కూర్చోవడం చింత. అక్కడ డ్యాం మీద మాత్రం గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో పనివారు, నీళ్ళు పారుతుండగానే, స్టాప్‌లాగ్ పలకలు ఒకదానిపై ఒకటి దింపి దాదాపు వారంలో ఆ ఖాళీని మూశారు. తర్వాత కురిసిన వానలతో డ్యాంలో నీటిమట్టం మళ్ళీ పెరిగింది. నిద్రపోయినవాని పొలానికీ నిద్రపోనివాని పొలానికీ ఒకే కాలువ నీళ్ళు వచ్చాయి. తేడా వచ్చిందల్లా ఒంట్లోనే.

ఆ తేడా ఏమిటో కొంచెం చెబుతాము. భయం కలిగినప్పుడు మూత్రపిండాల పైన ఉండే చిన్న గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకొంటుంది, బి.పి. పెరుగుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది, కండరాలు బిగుసుకొంటాయి. పాము కనబడితే పరుగెత్తడానికి దేవుడు శరీరంలో పెట్టిన మంచి ఏర్పాటు ఇది. పాము పోగానే అంతా సర్దుకోవాలి. అప్పు అనే పాము మాత్రం రాత్రింబగళ్ళు కళ్ళ ముందే ఉంటుంది, శరీరం దిగదు. అందుకే గుండె దడ, మెడ పట్టివేయడం, కడుపులో మంట, అరచేతుల్లో చెమట, రాత్రి మూడు గంటలకే మెలకువ. మన దగ్గరకు వచ్చేవారిలో చాలామంది వీటిని గ్యాస్ అనో నరాల బలహీనత అనో చెబుతారు. సూది వేయమని, సెలైన్ ఎక్కించమని అడుగుతారు. సెలైన్ నీళ్ళు చింతకు మందు కాదు. అయితే రక్తహీనత వల్ల, థైరాయిడ్ వల్ల కూడా గుండె దడ వస్తుంది గనుక పరీక్ష చేయకుండా అంతా మనసు మీదికి నెట్టడం కూడా మంచిది కాదు.

ఇప్పుడు ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణమైన సంగతికి వస్తాము. విశ్వాసం పేరుతో మాత్రలు ఆపేయడం. ఒకరు బి.పి. మాత్ర ఆరు నెలలు వాడతారు. చూపించుకొంటే 130/80 ఉంటుంది. "ప్రార్థన చేయించుకొన్నాం, దేవుడు బాగుచేశాడు, ఇంకా మాత్ర మింగితే అవిశ్వాసం గదా సిస్టరమ్మా" అని ఆపేస్తారు. ఆ 130/80 వచ్చింది మాత్ర పని చేస్తున్నందువల్ల. ఆపితే కొన్ని రోజుల్లోనో వారాల్లోనో బి.పి. మళ్ళీ పెరుగుతుంది, పెరిగినట్టు మనిషికి తెలియదు కూడా. తెలిసేసరికి ఒక పక్క మూతి వంకర పోయి, చేయి లేవక, మాట తడబడుతుంది. అలా జరిగితే ఇంట్లో పసరు పోయకుండా వెంటనే 108 కి ఫోన్ చేయండి. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే సూది నాలుగున్నర గంటల లోపల, ఆ వసతి ఉన్న పెద్దాసుపత్రిలో, తగిన రోగులకు మాత్రమే ఇవ్వగలరు. చక్కెర రోగి ఇన్సులిన్ ఆపడం ఇంకా ప్రమాదం. క్షయ రోగి రెండు నెలలకు దగ్గు తగ్గిందని మందులు మానితే ఆ మందులకు లొంగని జబ్బు తయారవుతుంది, అది ఇంట్లో పిల్లలకూ అంటుతుంది.

పౌలు సువార్త యాత్రల్లో అతని తోడుగా ఉన్న లూకా వైద్యుడు. కడుపు జబ్బుతో తరచు బాధపడే తిమోతికి పౌలు ఆ కాలపు వాడుక ప్రకారం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు (1 తిమోతి 5:23). ప్రార్థన చాలదనుకొని అన్నాడా? మా అభిప్రాయం ఇది: సంఘంలో సాక్ష్యం చెప్పడానికి మాత్ర మానవలసిన పని లేదు. మాత్ర చేతిలో పట్టుకొని స్తోత్రం చెప్పి మింగినవాడు కూడా దేవుని నమ్మినవాడే. నిజంగా జబ్బు తగ్గిందో లేదో డాక్టరు చూసి మాత్ర తగ్గిస్తాడు, ఆ పని ఆయనకు వదలండి.

రెండో వైపు కూడా ఒక కష్టం ఉన్నది. వారాల తరబడి నిద్రపట్టక, అన్నం సహించక, ఏడుపు ఆగక వచ్చిన అక్కతో "నీకు విశ్వాసం చాలదమ్మా, ఇంకా గట్టిగా ప్రార్థించు" అని మనవారే అంటారు. మంచి మనసుతోనే అంటారు. కాని ఆ మాటతో ఆమె భారానికి నేరం కూడా తోడవుతుంది. ఆ పైన గుడికి రావడమే మానేస్తుంది. 1 రాజులు 19వ అధ్యాయం ఒకసారి చదవండి. ఏలీయా అంతటి ప్రవక్త అరణ్యంలో ఒక చెట్టు కింద పడి, ఇక చావే మేలని దేవుని అడిగాడు. దేవుడు అప్పుడు అతనిని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి, కాల్చిన రొట్టె, కుండలో నీళ్ళు ఇచ్చాడు. తిని మళ్ళీ పడుకొన్నాడు. రెండోసారి కూడా లేపి తినిపించి, ప్రయాణం చాలా దూరం ఉన్నదని చెప్పాడు. హోరేబు కొండ మీద మాటలు ఆ తర్వాత, నలభై దినాలకు. అలసిన మనిషికి ముందు కావలసింది అన్నం, నిద్ర, పక్కన ఒకరు.

ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దిగులు, భయం వదలకుండా ఉండి, పని మీద మనసు నిలవకపోతే అది జబ్బు కావచ్చు, దానికి మందు ఉన్నది. దిగులుకు డాక్టరు ఇచ్చే మాత్రలన్నీ నిద్రమాత్రలు కావు. అవి గుణం చూపడానికి రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులు వాడి "పని చేయలేదు" అని పారవేయకండి, బాగుందని ఒక్కసారిగా ఆపకండి. సారాయి నిద్ర తెప్పించినట్టే ఉంటుంది, అర్ధరాత్రి లేపి దిగులును రెట్టింపు చేస్తుంది. సాయంత్రం తర్వాత టీ మానినా కొంత మేలు.

కుటుంబ ప్రార్థనలో ఒక అలవాటు చేసుకొమ్మని మేము చెబుతుంటాము. భారాన్ని పేరు పెట్టి చెప్పండి: "ప్రభువా, ఆ అప్పు" అని. తర్వాత, దాని విషయం రేపు ఉదయం చేయగలిగింది ఏదైనా ఒక్కటి ఉంటే అది ఇంట్లోవారితో అనుకోండి. బ్యాంకుకు పోయి అడగడం కావచ్చు, బావమరిదితో మాట్లాడడం కావచ్చు. ఏమీ లేకపోతే లేదనే చెప్పి దీపం ఆర్పండి. చాలామంది మగవారు అప్పు మొత్తం ఎంతో భార్యకు చెప్పరు. ఒంటరిగా మోసిన అప్పు పురుగుల మందు డబ్బా దాకా తీసుకొనిపోయిన ఇండ్లు మన ప్రాంతంలో ఉన్నాయి. పత్తి చేలకు కొన్న మందును ఇంట్లో అటక మీద పెట్టకండి, తాళం ఉన్న పెట్టెలో పెట్టి తాళంచెవి మరొకరికి ఇవ్వండి. ఎవరైనా తాగితే ఉప్పునీళ్ళు పోసి కక్కించకండి, ఆ డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకొని రండి. చనిపోవాలని ఉందని మనిషి నోట వస్తే తేలికగా తీసుకోకండి, ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

అయ్యగారితో ప్రార్థన చేయించుకొనే ఆసుపత్రికి రండి, లేదా ఆసుపత్రికి వచ్చి తర్వాత ప్రార్థించుకోండి, మాకు రెండూ సంతోషమే. వచ్చేటప్పుడు మాత్రం ఇప్పుడు వాడుతున్నవీ, మధ్యలో ఆపేసినవీ మాత్రలన్నీ, ఖాళీ అట్టలతో సహా, సంచిలో వేసుకొని రండి.