మొదటి సూదికి జ్వరం వచ్చింది, రెండోది వేయించాలా?

ఆరు వారాల బిడ్డకు టీకా వేయించి ఇంటికి తీసుకువెళ్ళారు. సాయంత్రానికి ఒళ్ళు కాలింది, తొడ వాచింది, రాత్రంతా ఒకటే ఏడుపు. బిడ్డ ఆ కాలు కదపకపోతే పోలియో తగిలిందేమోనని అమ్మమ్మ హడలిపోయింది. నెల తిరిగి రెండో సూది రోజు వచ్చేసరికి ఇంట్లో వాదన మొదలవుతుంది: "హాయిగా ఆడుకునే బిడ్డకు మనమే జ్వరం తెచ్చుకోవడం దేనికి?" ఈ మాట అడిగేవారిని మేము తప్పు పట్టము. బిడ్డ మీద ప్రేమ ఉన్నవాళ్ళే అడుగుతారు. అయితే త్రాసులో ఒక పళ్ళెం మాత్రమే చూసి నిర్ణయం తీసుకోకూడదు.

ముందు సూది వైపు పళ్ళెం చూడండి. 6, 10, 14 వారాలకు తొడకు వేసే ఈ టీకా పేరు పెంటావాలెంట్. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి కామెర్లు, హిబ్ అనే క్రిమి వల్ల వచ్చే న్యుమోనియా, మెదడు పొరల వాపు - వీటి నుండి కాపాడుతుంది. జ్వరం ఎక్కువగా ఇందులోని కోరింత దగ్గు భాగం వల్ల వస్తుంది. సుమారు సగం మంది పిల్లలకు జ్వరమో, వాపో కనబడుతుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. కాలు కదపకపోవడం నొప్పి వల్లనే, పోలియో కాదు. సూది వేసినచోట చిన్న గట్టి గడ్డ కొన్ని వారాలు ఉండవచ్చు.

అరుదుగా కొందరు మూడు గంటలకు పైగా ఆపకుండా ఏడుస్తారు. ఇంకా అరుదుగా జ్వరంతో ఫిట్స్ రావచ్చు, లేదా బిడ్డ కాసేపు వాలిపోయినట్లు కావచ్చు. చూసేవారికి గుండె ఆగినంత పని అవుతుంది గాని, వీటివల్ల బిడ్డకు శాశ్వతమైన హాని ఉండదు. నిజంగా ప్రాణం మీదకు వచ్చేది తీవ్రమైన ఎలర్జీ. అది పది లక్షల డోసుల్లో ఒకటి రెండింటికి మాత్రమే. వస్తే చాలావరకు అర గంటలోపే వస్తుంది, వెంటనే ఇంజక్షన్ ఇస్తే తగ్గుతుంది. అందుకే మిమ్మల్ని అర గంట కూర్చోమంటాము. బస్సు వెళ్ళిపోతుందని కొందరు మా కళ్ళు కప్పి వెళ్ళిపోతుంటారు. దయచేసి అలా చేయకండి.

ఇక రెండో పళ్ళెం. కోరింత దగ్గు పెద్ద పిల్లలకు వస్తే వారాల తరబడి దగ్గి బయటపడతారు. ఆరు నెలలలోపు బిడ్డ సంగతి వేరు. ఒక్కోసారి దగ్గే ఉండదు. ఊపిరి ఆగిపోతుంది, పెదవులు నీలంగా మారతాయి. జబ్బు ముదిరాక మందులు దగ్గును అంతగా తగ్గించలేవు. ఒక్క డోసుతో వచ్చే రక్షణ చాలదు కనుకనే నాలుగేసి వారాల తేడాతో మూడు డోసులు పెట్టారు. జ్వరానికి భయపడి రెండోది మానేస్తే, బిడ్డ ఎక్కువ ప్రమాదంలో ఉన్న నెలల్లోనే సగం రక్షణతో మిగిలిపోతుంది.

"ఈ జబ్బులు ఇప్పుడెక్కడున్నాయి సిస్టర్?" అంటారు. జపాన్‌లో కూడా అలాగే అనుకున్నారు. 1974లో అక్కడ సుమారు 80 శాతం పిల్లలకు టీకా అందేది. ఆ ఏడాది కోరింత దగ్గు కేసులు 393, మరణాలు లేవు. ఆ చలికాలంలో టీకా తరువాత ఇద్దరు పసివాళ్ళు చనిపోయారు. టీకాను కొంతకాలం ఆపి, తిరిగి మొదలుపెట్టినప్పుడు రెండేళ్ళు నిండినవారికే అన్నారు. 1976 నాటికి పదిమంది పసివాళ్ళలో ఒకరికే టీకా పడింది. 1979లో 13 వేలకు పైగా కేసులు వచ్చి 41 మంది చనిపోయారు. తరువాత అక్కడివారే జ్వరం తక్కువగా తెచ్చే టీకా తయారుచేసి 1981లో వాడుకలోకి తెచ్చారు. ప్రైవేటు క్లినిక్కుల్లో "నొప్పి లేని టీకా" అనేది ఆ రకమే. అదీ మంచిదే, కాని ఖరీదు ఎక్కువ, దాని రక్షణ త్వరగా తగ్గుతుంది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేది నాసిరకం అనుకోవద్దు.

అంత దూరం ఎందుకు, హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌లో 2000 తరువాత కూడా కంఠసర్పి పిల్లలు చేరుతూనే వచ్చారు. ఆ జబ్బులో గొంతులో పొర కట్టి, విషం గుండెకు పాకుతుంది. విరుగుడు మందు ఉంది గాని, అప్పటికే గుండెను పట్టుకున్న విషాన్ని అది విడిపించలేదు.

టీకా ఆపవలసిన పిల్లలు లేకపోలేదు. ముందు డోసుకు తీవ్రమైన ఎలర్జీ వచ్చినా, ఆ తరువాత వారంలోపు స్పృహ తప్పడం వంటి మెదడు జబ్బు వచ్చినా ఆ టీకా మళ్ళీ వేయము. ఫిట్స్ ఉన్నా, వచ్చినా తప్పక చెప్పండి, డాక్టరుగారు చూసి నిర్ణయిస్తారు. జలుబు, కొద్దిపాటి విరేచనాలు, మొదటిసారి వచ్చిన మామూలు జ్వరం - వీటికి మానవలసిన పని లేదు.

ఇంటి దగ్గర తల్లిపాలు మామూలుగా ఇవ్వండి. వాపు మీద చల్లని తడిగుడ్డ వేయండి. కాపడం వద్దు, పసుపు, నూనె రుద్దవద్దు. పారాసిటమాల్ చుక్కల మందు బిడ్డ బరువు చూసి మేము రాసి ఇచ్చినంతే, కనీసం ఆరు గంటల తేడాతో వేయండి. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. చుక్కల మందు, సిరప్ ఒకటి కాదు. చుక్కల మందు చాలా చిక్కన, ఒక మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. నాలుగు కిలోల బిడ్డకు అర మిల్లీలీటరు సరిపోతుంది. సిరప్ అనుకుని చెంచాతో పోస్తే ప్రమాదం.

జ్వరం రెండు రోజులు దాటినా, బిడ్డ పాలు పట్టకపోయినా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఊపిరికి ఇబ్బంది పడినా, ఒంటిమీద దద్దుర్లు లేచినా, ఏడుపు మూడు గంటలు దాటినా, రాత్రయినా సరే వెంటనే తీసుకురండి.

తేదీ దాటిపోయిందని తిడతామేమోనని కొందరు రావడమే మానేస్తారు. ఆలస్యమైతే మొదటి నుండి వేయనక్కరలేదు, ఆగినచోటి నుండి కొనసాగిస్తాము. టీకా కార్డు తెచ్చుకోండి. పోయినా రండి, మొదటి సూది ఎక్కడ, ఎప్పుడు వేయించారో చెప్తే రిజిస్టరులో వెతుకుదాము.